మీకు తెలుసా? గేరు పన్ను వంపులోనే ఉంది గుట్టంతా!

కోనసీమలోని దిండి రేవులో హౌస్‌బోటు ఎక్కారా? ఇంజను అందుకోగానే కాళ్ల కింద చెక్క సన్నగా అదురుతుంది. దాంతోపాటే ఒక కూత! అదంతా ఇంజనుదే అనుకుంటున్నారా? చెవి ఇటివ్వండి! ఇంజనుకీ ప్రొపెల్లరుకీ నడుమనున్న గేరుబాక్సు కూడా గొంతు కలుపుతోంది! ఇంజను నిమిషానికి 1800 చుట్లు తిరుగుతోంది, దాని గేరుకి 20 పళ్లున్నాయి అనుకోండి. సెకనుకి 600 సార్లు పన్నుకి పన్ను తగులుతుందన్నమాట!

ఆ కూతకి శ్రుతి కూడా ఉంటుంది! వేగం అలాగే ఉంచి 20 పళ్ల గేరు స్థానంలో 30 పళ్ల గేరు పెట్టండి. షడ్జమం కాస్తా పంచమం అయిపోతుంది! 40 పళ్లు పెట్టారా, పై షడ్జమమే! ఊరికే చెబుతున్న మాట కాదిది. రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త 1681లోనే లండన్ రాయల్ సొసైటీలో ఇత్తడి పళ్ల చక్రాలు తిప్పి స్వరాలు పలికించాడు!

ఇంతకీ గేరు ఎందుకు అదురుతుంది? ఒక చక్రం సమంగా తిరుగుతున్నా, దాని చేత తిరిగే రెండో చక్రం ఓ క్షణం వెనకబడుతుంది, మరుక్షణం ముందుకు తోసుకొస్తుంది. ఎంత? కొన్ని మైక్రాన్లు! మిల్లీమీటరుని 1000 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మైక్రాను. కంటికి ఆనని ఆ కాస్త తేడాకే ఇనుప పెట్టె మొత్తం రొద పెడుతుంది! ఇంజనీర్లు ఈ తేడాని ట్రాన్స్‌మిషన్ ఎర్రర్ అంటారు.

చెరుకురసం బండి దగ్గర ఎప్పుడైనా చెవి పెట్టి విన్నారా? కూత ఉండదు, టకటకే! ఎందుకో తెలుసా? 36 పళ్ల గేరు నిమిషానికి 20 చుట్లు తిరిగితే సెకనుకి 12 తాకిళ్లే. తాకిళ్లు సెకనుకి దాదాపు 20 దాటితే తప్ప మన చెవి వాటిని కలిపి ఒకే స్వరంగా వినలేదు! అందుకే అక్కడ ప్రతి పన్నూ విడివిడిగా మాట్లాడుతుంది!

రెండు వేల ఏళ్ల కిందటి గేర్లు కూడా ఉన్నాయండోయ్! గ్రీసు దగ్గర సముద్రంలో మునిగిన ఓడలోంచి 1901లో ఒక కంచు యంత్రం బయటపడింది. పేరు యాంటికితెరా. సూర్యచంద్రుల గమనాన్ని లెక్క కట్టే యంత్రం! దాని పళ్లు ఉత్త త్రిభుజాలు. ఏ వంపూ లేదు! అలాంటి పళ్లు సమంగా తిరగవు, కుదుపుతూ తిరుగుతాయి. అయినా పని జరిగింది. తిప్పేది చేత్తో కదా!

మరి సరైన వంపు ఎవరు చెప్పారు? కమ్మరి కాదు, కంసాలి కాదు, లెక్కల మహానుభావుడు లియొనార్డ్ ఆయిలర్! గేరు పళ్లకి ఇన్‌వొల్యూట్ అనే వంపు బాగా నప్పుతుందని 1760ల్లో రాశాడు. అప్పటికే ఆయనకి ఒక కన్ను కనబడదు! ఇవాళ కారు, లారీ, మరపడవ, ఎందులో చూసినా దాదాపు అదే వంపు!

ఆ వంపుని మీ ఇంట్లోనే గీయొచ్చు! ఒక గుండ్రటి డబ్బాకి దారం చుట్టండి. దారం కొసకి పెన్సిలు కట్టండి. దారం బిగువు సడలకుండా విప్పుతూ కాగితం మీద గీయండి. అంతే, ఇన్‌వొల్యూట్! కోట్ల రూపాయల యంత్రాలు కోసే గేరు పన్ను వంపు ఇదే! దీనికి కావలసిన సరంజామా 4 వస్తువులు: డబ్బా, దారం, పెన్సిలు, కాగితం!

ఈ వంపు చేసే మాయ చూడండి! బేరింగు అరిగి రెండు గేర్లు 0.5 మిల్లీమీటరు దూరం జరిగాయనుకోండి. వేగాల లెక్క తప్పాలి కదా? తప్పదు! ఒక గేరు ఎంత తిరిగితే రెండోది ఎంత తిరగాలో అంతే తిరుగుతుంది. పళ్ల మధ్య సందు మాత్రం పెరుగుతుంది. ఈ ఓర్పు మరే వంపుకీ లేదు!

ఇంకో మాయ! ఒక పన్ను ఇంకో పన్నుని నెడుతున్నంతసేపూ తాకే చోటు మారుతూనే ఉంటుంది. నెట్టే దిక్కు మాత్రం మారదు! మొదటి తాకిడి నుంచి చివరి తాకిడి దాకా ఒకే గీత మీద నెట్టుడు! ఇప్పటి గేర్లలో ఆ గీత వాలు సాధారణంగా 20 డిగ్రీలు. దిక్కు మారకపోతే బేరింగుల మీద బరువు ఊగిసలాడదు. అదురు అక్కడే సగం చస్తుంది!

పాత గేర్లలో ఆ వాలు 14.5 డిగ్రీలు! ఈ అర డిగ్రీ ఎక్కడిదంటారా? ఆ కోణానికి సైన్ కడితే దాదాపు సరిగ్గా పావు వస్తుంది. గీయడానికి సులువు! పైగా అవి 20 డిగ్రీల వాటికన్నా నెమ్మదిగా పలికేవి. మరెందుకు మానేశారు? పన్ను మొదలు సన్నగా ఉండి బలం తక్కువ! బలం కావాలంటే కాస్త రొద భరించాలి!

గేరుకి పళ్లు తగ్గిస్తూ పోతే ఏమవుతుంది? 20 డిగ్రీల గేరుకి 17 పళ్లు హద్దు! అంతకన్నా తగ్గితే, పళ్లు కోసే పనిముట్టే పన్ను మొదట్లో మాంసం తోడేస్తుంది. పన్ను బలహీనపడుతుంది. పనికొచ్చే వంపు కూడా కొంత పోతుంది. ఇక కుదుపే కుదుపు! 17 కన్నా తక్కువ కావాలంటే పన్ను కొలతలు ప్రత్యేకంగా జరిపి కోయాల్సిందే!

వంపు పన్ను నిటారు గీత అయిపోతుందంటే నమ్ముతారా? గేరుని పెద్దది చేస్తూ పోండి. ఇంకా పెద్దది, ఇంకా పెద్దది! చివరికి చక్రం తిన్నని బద్దీ అవుతుంది. అదే ర్యాకు! దాని పళ్ల అంచుల్లో వంపు అసలుండదు. రెండు వైపులా తిన్నని గీతలు, మధ్య కోణం 40 డిగ్రీలు! ఈ తిన్నటి పళ్లే యంత్రంలో వంపు పళ్లని కోసి పుట్టిస్తాయి!

పన్ను ఒక్క మైక్రాను తేడా కూడా లేకుండా కోశారనుకోండి. అదురు పోతుందా? పోదు! గేరు తిరుగుతుంటే ఓ క్షణం ఒక జత పళ్లు బరువు మోస్తాయి, మరుక్షణం రెండు జతలు. సగటు సుమారు 1.5! ఒక జతే మోస్తున్నప్పుడు ఆ పళ్లు ఎక్కువ వంగుతాయి. రెండో జత భుజం కలిపితే వంగుడు తగ్గుతుంది. ఆ వంగుడూ లేవడమే అదురు! ఉక్కు కూడా వంగుతుందండీ!

మరి ఎప్పుడూ రెండు జతలు మోసేలా చేస్తే? చేశారు! పళ్లని కాస్త పొడుగ్గా, సన్నగా కోస్తే ఆ 1.5 కాస్తా 2 దాటుతుంది. ఒక జత విడిచేలోపే మూడోది అందుకుంటుంది. బరువు ఒక్కసారిగా మీద పడే పన్నే ఉండదు! గేరుబాక్సు గొంతు తగ్గిపోతుంది. పన్ను ఎత్తు ఇంకాస్త పెంచినందుకే ఇదంతా!

బాగా కోసిన పన్నుని కావాలని చెడగొడితే రొద తగ్గుతుంది! నిజం! బరువు మీద పన్ను వంగినప్పుడు వెనకొచ్చే పన్ను కొస ముందే గుద్దుకుంటుంది. అందుకని ఆ కొసని కొన్ని మైక్రాన్లు అరగదీస్తారు. ఎంత అరగదీయాలో వాకర్ అనే ఇంజనీరు 1938లో లెక్క కట్టి చూపించాడు! ఆ చిట్కా ఇవాళ్టికీ నడుస్తోంది!

కానీ ఆ అరగదీతలో ఒక కిటుకుంది! అది ఒకే ఒక్క బరువుకి సరిగ్గా సరిపోతుంది. నిండు బరువుకి సరిచూసి అరగదీశారనుకోండి, నిండు బరువు మీద గేరు మెత్తగా పలుకుతుంది. బరువు తీసేస్తే కూత మొదలు! బరువు ఎక్కువైతే గోల చేసే యంత్రాలే మనకు తెలుసు. బరువు తగ్గితే గోల చేసే యంత్రం ఇది!

పన్నుకి పొట్ట కూడా ఉంటుంది! వెడల్పు పొడుగునా చూస్తే నడుమ ఒకింత ఉబ్బుగా, రెండు చివర్లా పల్చగా కోస్తారు. ఉబ్బు ఎంత? చాలాసార్లు 10 మైక్రాన్లకు అటూ ఇటూ! షాఫ్టు కాస్త వంగినా బరువు పన్ను చివర పడకుండా నడుమనే ఉంటుంది. చివర పడితే పన్ను విరుగుతుంది, అదురూ పెరుగుతుంది. కంటికి కనబడని పొట్ట కాపాడుతోంది!

ఇప్పుడు ఏటవాలు పళ్ల సంగతి! నిటారు పన్ను తగిలితే వెడల్పంతా ఒక్కసారే చరుస్తుంది. ఏటవాలు పన్ను ఓ మూల మొదలుపెట్టి మెల్లగా రెండో మూలకి జారుతుంది. చప్పుడు పడిపోతుంది! మెట్లుమెట్లుగా జరిపిన పళ్లతో ఈ ఆలోచనకి దారి వేసింది కూడా రాబర్ట్ హుక్కే, 1666లో! స్వరాలు పలికించినవాడే నోరు మూయించే దారీ చెప్పాడు!

ఏటవాలు పన్ను ఊరికే మెత్తబడదు, కూలి అడుగుతుంది! వాలు 30 డిగ్రీలు ఉందనుకోండి. 100 కిలోల బలంతో తిప్పితే సుమారు 58 కిలోల బలం పక్కకి తోస్తుంది! గేరు షాఫ్టు వెంట జారిపోవాలని చూస్తుంది. దాన్ని ఆపడానికే గట్టి బేరింగులు పెట్టాలి. ఆ నిశ్శబ్దం వెనక ఇంత పెనుగులాట ఉంది!

ఆ పక్కతోపుకి విరుగుడు? రెండు ఏటవాలు పళ్లని ఎదురెదురుగా కలిపేయడం! కుడికి తోసేది ఒకటి, ఎడమకి తోసేది ఒకటి. చెల్లుకి చెల్లు! ఈ వంకీ పళ్ల గేర్లు అమ్మి పైకొచ్చినాయన ఆంద్రే సిట్రోయెన్. 1919లో కార్ల వ్యాపారం పెట్టి, తన గేరు పళ్లనే గుర్తుగా వేసుకున్నాడు! ఆ కార్ల ముందు కనబడే రెండు వంకీలు గేరు పళ్లేనండీ!

అలాంటి వంకీ పళ్లు కోనసీమకి కొత్తేం కాదు! చమురు, గ్యాసు కోసం బావులు తవ్వే రిగ్గులు ఇక్కడ ఎన్ని చూశాం! అలాంటి రిగ్గుల్లో బురదనీటిని బావిలోకి తోసే మడ్ పంపులుంటాయి. చాలావాటిలో 3 పిస్టన్లు. ఆ పిస్టన్లని ఆడించే పెద్ద గేరుకి తరచూ వంకీ పళ్లే పెడతారు! మోసేది మహా బరువు, కుదుపు తక్కువ ఉండాలి మరి!

రాజోలు సెంటర్లో పాతకారు వెనక్కి తీస్తుంటే వినండి. గుయ్య్య్... అని కూస్తుంది! ముందుకెళ్లేటప్పుడు ఆ కూతేదీ? చాలా కార్లలో ముందుకి నడిపే 5 గేర్లకీ ఏటవాలు పళ్లు, వెనక్కి నడిపే గేరుకి మాత్రం నిటారు పళ్లు! వెనక్కి వెళ్లేది పది గజాలే కదా, ఆ కాసేపూ కూస్తే కూయనీ అని వదిలేశారు!

వెనక చక్రాలతో నడిచే కారు వెనక ఇరుసు దగ్గరా ఒక చిత్రముంది! అక్కడి చిన్న గేరు పెద్ద గేరుకి నడిమధ్య ఉండదు, కాస్త కిందికి జరిగి ఉంటుంది. పళ్లు ఏటవాలుగా, వంకరగా, ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి. దాని పేరు హైపాయిడ్. 1920ల్లో కార్లలోకి వచ్చింది! రొద తగ్గింది, షాఫ్టు కిందికి దిగింది, దాంతో కారు నేల కూడా దిగింది! పన్ను వంకర తిరిగితే కూర్చునే సీటు ఎత్తు తగ్గింది!

బస్టాండులో బస్సు ఆగి ఉంది. ఇంజను ఆడుతోంది, గేరు న్యూట్రల్లో ఉంది. కటకట చప్పుడు! డ్రైవరు క్లచ్చి తొక్కగానే ఆ కటకట మాయం! ఏమైంది? 4 సిలిండర్ల ఇంజను చుట్టుకి 2 సార్లు కుదుపిస్తుంది. బరువు లేని గేర్ల పళ్లు ఆ కుదుపుకి సందులో అటూ ఇటూ కొట్టుకుంటాయి. క్లచ్చి తొక్కితే గేర్లకి ఇంజనుతో తెగతెంపులే! ఇక కొట్టేదెవరు?

వేగం పెంచితే అదురు పెరగాలి కదా? ఎప్పుడూ కాదు! ప్రతి గేరు జతకీ ఒక ఒళ్లుమండే వేగం ఉంటుంది. సరిగ్గా అక్కడ విపరీతంగా అదురుతుంది. దాటేస్తే మళ్లీ నెమ్మది! ఇంకో రహస్యం చెప్పనా? ఆ వేగంలో సరిగ్గా 1/2 వంతు దగ్గర కూడా ఓ చిన్న గొడవ ఉంటుంది! యాక్సిలరేటరు కాస్త అటో ఇటో జరిపితే చాలు, గోల సద్దుమణుగుతుంది!

పళ్ల లెక్కలోనూ గమ్మత్తుంది! 20 పళ్ల గేరుకి 40 పళ్ల గేరు జత చేశారనుకోండి. చిన్నదాని ప్రతి పన్నూ జీవితాంతం పెద్దదాని 2 పళ్లనే కలుస్తుంది. ఆ రెండే, వేరేవి కావు! ఒక పన్నుకి గాటు పడితే ఎదుటి ఆ రెండు పళ్లకే దెబ్బ మీద దెబ్బ. అరుగుదల ఒకేచోట, అదురూ ఒకేచోట!

దీనికి విరుగుడు మన రైలింజన్లలోనే ఉంది! దశాబ్దాలపాటు మన పట్టాల మీద తిరిగిన డబ్ల్యుడిఎం-2 డీజిలు ఇంజను గేరు పళ్లు 65, 18. రెండింటికీ ఉమ్మడి భాజకం ఒకటి తప్ప లేదు! అంటే ఇప్పుడు కలిసిన రెండు పళ్లు మళ్లీ కలవాలంటే 1170 తాకిళ్లు ఆగాలి! ప్రతి పన్నూ ఎదుటి ప్రతి పన్నునీ పలకరిస్తుంది. అరుగుదల అందరికీ సమానంగా పంచినట్టే! చిన్నప్పటి గసాభా లెక్క రైలు లాగుతోంది!

గేరుబాక్సు విప్పకుండానే లోపల పన్ను విరిగిందని చెప్పేస్తారు తెలుసా? అదురుని కొలిచే బుల్లి పరికరం పైన అంటిస్తారు. నిమిషానికి 1800 చుట్లు తిరిగే షాఫ్టు మీద ఒక పన్ను విరిగితే, సెకనుకి 30 సార్లు టక్కుమంటుంది. మామూలు కూతకి అటూ ఇటూ కొత్త స్వరాలు కూడా మొలుస్తాయి! ఎన్ని స్వరాలు, ఎంత ఎడం అని చూసి, ఏ షాఫ్టో పట్టేస్తారు!

దయ్యం పళ్ల సంగతి విన్నారా? గేరుకి ఉన్నవి 20 పళ్లు. కూత మాత్రం 120 పళ్ల గేరుది! లేని పళ్లు ఎలా కూస్తాయి? ఆ గేరుని కోసిన యంత్రంలో 120 పళ్ల చక్రం ఉందన్నమాట! దాని చిన్నచిన్న లోపాలు కొత్త గేరు మీద అచ్చు పడ్డాయి. ఇంజనీర్లు దీన్ని దయ్యం స్వరమనే అంటారు! తల్లియంత్రం జాతకం పిల్ల గేరు పాడి వినిపిస్తుంది!

కీ ఇచ్చే పాత చేతిగడియారం ఉందా? అందులో ఇన్‌వొల్యూట్ వంపు అరుదు! అక్కడ సైక్లాయిడ్ అనే వేరే వంపు రాజ్యమేలుతుంది. కారణం, గడియారం లోపలి చిన్న గేర్లకి 7 పళ్లు, 8 పళ్లే ఉంటాయి! 17 హద్దుకి ఎంత కిందో చూడండి! ఒంట్లో ఉన్న బలం ఒక్క స్ప్రింగుదే కాబట్టి రాపిడికి పోయేది తగ్గించాలి. చోటును బట్టి పన్ను!

నైలాను గేర్లు ఎందుకంత గుట్టుగా తిరుగుతాయి? ప్రింటరు విప్పి చూడండి, తెల్లటి ప్లాస్టిక్ గేర్లే! నైలాను ఉక్కుకన్నా 50 రెట్లకు పైగా మెత్తన. వంపు కోతలో చిన్న తప్పున్నా పన్నే కాస్త వంగి సర్దుకుంటుంది. లోపలే అదురుని మింగేస్తుంది! మరి లారీకి పెట్టొచ్చుగా అంటారా? మొదటి ఎత్తుకే పళ్లు ఊడిపోతాయి!

అనంతపురం వైపు వెళ్తే కొండల మీద గాలిమరలు కనబడతాయి. రెక్కలు ఎంత తాపీగా తిరుగుతాయో! లోపల గేరుబాక్సు ఉన్న మరల్లో, నిమిషానికి 15 చుట్ల రెక్క వేగం జనరేటరు దగ్గర 1500 అవుతుంది. అంటే 100 రెట్లు! అంత ఎత్తున పన్ను కాస్త తప్పుగా కూసినా స్తంభం మొత్తం ఆ కూతని మోసుకొస్తుంది. అందుకే అక్కడా పళ్ల కొసలు మైక్రాన్లలో అరగదీస్తారు!

గుంట పళ్లు చూశారా ఎప్పుడైనా? ఒక గేరు పన్ను ఉబ్బెత్తు, ఎదుటిదాని పన్ను గుంట! ఒకదానిలో ఒకటి ఒదిగిపోతాయి. లింక్స్ అనే హెలికాప్టరు ప్రధాన గేరుబాక్సులో ఇవే! 1986లో ఆ లింక్స్ గంటకు 400 కిలోమీటర్లు దాటి ప్రపంచ రికార్డు కొట్టింది! ఇక్కడ పన్ను నిటారుగా కోస్తే కుదరదు. ఏటవాలుగా ఉంటేనే తాకిడి ఓ చివర నుంచి ఇంకో చివరకి సాఫీగా జారుతుంది!

ఇంత గోల చేసే గేరు ఎంత శక్తి తినేస్తుందో ఊహించండి. చెబితే నవ్వుతారు! బాగా కోసిన ఒక గేరు జత ఇచ్చిన శక్తిలో నూటికి 98 పాళ్లు అటువైపు అప్పజెబుతుంది! మిగిలిందీ చాలావరకు వేడిగానే పోతుంది. చెవులు గింగిర్లెత్తించే కూతకి ఖర్చయ్యేది అణువంత! కొంచెం శక్తితో ఎంత గోల చేయొచ్చో గేరుని చూసి నేర్చుకోవాలి!

ఇక అసలు వింత! గేర్లు మనిషి కనిపెట్టాడనుకుంటున్నారా? యూరప్ తోటల్లో ఇస్సస్ అనే బుల్లి పురుగు ఉంది. దాని పిల్ల వెనక కాళ్ల మొదట్లో నిజమైన గేర్లున్నాయి! గెంతేటప్పుడు రెండు కాళ్లూ సెకనులో లక్షో వంతులు 3 కూడా దాటని తేడాతో కదులుతాయి! నరాలకి అంత వేగం లేదు, పళ్లకి ఉంది! కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు ఈ గుట్టు బయటపెట్టింది 2013లో!

ఆ పురుగు గేరుకి ఒక్కో కాలికి 10 నుంచి 12 పళ్లు. పన్ను మొదట్లో, విరక్కుండా మన ఇంజనీర్లు ఇచ్చినట్టే, గుండ్రటి మూల కూడా ఉంది! కానీ పిల్ల పెరిగి ఆఖరి కుబుసం విడిచిందా, ఆ గేర్లు పోతాయి. మళ్లీ మొలవవు! పెద్ద పురుగు గేర్లు లేకుండానే గెంతుతుంది. గేరు పళ్లలోనూ పాలపళ్లు ఉన్నాయండోయ్!